రాజగృహమున పుట్టిన ఉపచారిక



చరిత్ర యనగానే మనకు యుద్ధములు, సంధులు, పట్టాభిషేకములు స్ఫురించును. యుద్ధము ముగిసిన పిమ్మట గాయపడినవాని మంచము ప్రక్కన ఎవరు కూర్చుండిరో, వాని నోట గంజి ఎవరు పోసిరో వ్రాసిపెట్టినవారు చాల తక్కువ. మన పల్లెలలో మశూచికము వచ్చినను, విషూచి వచ్చినను, అయినవారే దగ్గఱకు రావెఱచినప్పుడు వేపమండలతో విసరుచు రేయెల్ల మేలుకొని కూర్చుండిన ముసలమ్మలు ఊరికి ఒకరిద్దఱు ఉండెడివారు. వారి పేరు ఏ శాసనమునందును లేదు.

నేడు నేను చెప్పబోవునది అట్టి యొక ముసలమ్మ కథయే. ఐతే ఈమె పేరు గ్రంథముల కెక్కినది. ఈమె ఇంగ్లండు రాణి విక్టోరియాకు మునిమనుమరాలు. 2022వ సంవత్సరమున ఆ దేశపు సింహాసన మెక్కిన మూడవ చార్లెసు రాజునకు నాయనమ్మ. మన దేశమునకు కడపటి వైస్రాయిగా వచ్చిన మౌంటుబాటన్ ప్రభువునకు తోడబుట్టిన అక్క. పేరు ఆలిస్. రాజులతో ఇన్ని బంధుత్వము లుండినందుననే ఆమె సేవ నలుగురి చెవిని పడినదని నే నెఱుగుదును. ఐనను ఆ సేవ బంధుత్వము వలన వచ్చినది కాదు. పలుమాఱు బంధువుల కిష్టము లేకయే జరిగినది.

కాదని చెప్పితిని గాని, ఒక విధమున అది వంశమునందు ఉండినదే. ఈమె అమ్మమ్మ పేరును ఆలిసే. ఆ మొదటి ఆలిస్ విక్టోరియా రాణి కూతురు. జర్మనీలోని హెస్సె సంస్థానమునకు కోడలుగా వెళ్లెను. 1866లో అచ్చట యుద్ధము వచ్చినప్పుడు గాయపడినవారి ఆసుపత్రులలో తిరిగి పనిచేసెను. ఉపచారికలకు శిక్షణ నిప్పింప సంఘమును స్థాపించెను. ఫ్లారెన్సు నైటింగేలుతో ఉత్తర ప్రత్యుత్తరములు నడపెను. 1878వ సంవత్సరమున ఆ ఇంట కంఠసర్పి యను గొంతువ్యాధి ప్రవేశించెను. భర్తయు, పిల్లలలో పెక్కుమందియు మంచము పట్టిరి. నవంబరులో కడసారి కూతురు మరణించెను. ఆ వార్త చెప్పగా కుమారుడు తల్లడిల్లినాడట. తల్లి వానిని ముద్దిడి ఓదార్చెను. వైద్యులు వలదన్న పని అది. డిసెంబరు 14వ తేదీన ఆమెయు అదే వ్యాధితో పోయెను. అప్పటి కామెకు 35 ఏండ్లు. మిగిలిన పిల్లలలో పెద్దది పదునైదేండ్ల విక్టోరియా. ఆ విక్టోరియా కూతురే మన కథలోని ఆలిస్.

ఈ ఆలిస్ 1885వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన విండ్సరు కోటలో జన్మించెను. ప్రసవ సమయమున ముత్తవ్వ యగు విక్టోరియా రాణి దగ్గఱనే ఉండెను. పిల్లకు ఏండ్లు గడచుచున్నను మాటలు సరిగా రాలేదు. ఏమి లోపమో యని చూపింపగా పుట్టుచెవుడని తేలినది. తల్లి నిరాశపడక ఎదుట కూర్చుండబెట్టుకొని పెదవుల కదలికను చూచి మాట గ్రహించుట నేర్పెను. ఆ విధముగా ఆ పిల్ల ఇంగ్లీషును జర్మనును నేర్చెను, పిమ్మట ఫ్రెంచి, వివాహము నిశ్చయమైనప్పుడు గ్రీకు. చెవులున్నవారికే రెండవ భాష పట్టుట ఎంత కష్టమో మనకు తెలియును.

1903లో గ్రీసు దేశపు రాజకుమారు డగు ఆండ్రూతో ఆమెకు పెండ్లి జరిగెను. తొమ్మిదేండ్లు అంతఃపుర జీవనము. ముగ్గురు ఆడుపిల్లలు కలిగిరి. 1912 అక్టోబరులో గ్రీసు, సెర్బియా, బల్గేరియా, మాంటినీగ్రో దేశములు ఏకమై తుర్కులపై యుద్ధము ప్రకటించెను. భర్త సైన్యముతో వెళ్లెను. అప్పటికి ఆమె మూడవ కూతురు సెసిలీకి ఏడాది దాటి నాలుగు నెలలు మాత్రమే. పిల్లలను విడిచి ఆమె యుద్ధరంగము వెనుకకు పోయి ఆసుపత్రులు నెలకొల్పుటకు పూనుకొనెను.

రాజస్త్రీలు ఆసుపత్రులకు పోయి రోగులకు పండ్లు పంచి ఛాయాచిత్రములు తీయించుకొనుట నాడును కలదు, నేడును కలదు. ఈమె చేసినది అది కాదు. శస్త్రచికిత్స జరుగు బల్ల ప్రక్కన నిలిచి కోయబడు కాలును పట్టుకొనెను, నెత్తురు గుడ్డలు తీసెను, కట్లు కట్టెను. శ్రోతలు ఆనాటి స్థితి నొకసారి తలచుకొనవలెను. పెనిసిలిన్ అను మందు 1928 వఱకు కనుగొనబడనే లేదు. గుండు తగిలిన గాయములో మురికి చేరెనా, అది కుళ్లును. కుళ్లిన అవయవమును ఖండించుట తప్ప దారి లేదు. మంచములు చాలక గాయపడినవారు నేలపైననే పడియుండిరి. తల్లికి వ్రాసిన జాబులలో ఆమె ఈ ఘోరములను దాచక చెప్పినది. ఈ సేవకు గుర్తుగా 1913లో ఇంగ్లండు రాజగు అయిదవ జార్జి ఆమెకు రాయల్ రెడ్ క్రాసు అను బిరుదు నిచ్చెను. వినికిడి లేని యువతి, మూలుగులతో నిండిన ఆసుపత్రిలో ఎట్లు పనిచేసినదా యని నేను చాల పర్యాయములు ఆలోచించితిని. చిన్ననాట నుండి ముఖములు చదువుటయే ఆమెకు భాష. బాధపడువాని ముఖమును ఆమెకంటె బాగుగ చదువగలవారెవరు? ఇది నా ఊహ మాత్రమే.

ఆ పిమ్మట పదేండ్లు కష్టముపై కష్టము. 1913 మార్చిలో మామగారగు జార్జి రాజు సలోనికా నగరమున హత్య గావింపబడెను. 1917లో రాజకుటుంబము దేశమునుండి వెడలగొట్టబడెను. 1918 జూలైలో రష్యాలో ఆమె పినతల్లు లిద్దఱు చంపబడిరి. ఒకరు రష్యా చక్రవర్తిని, మఱొకరు ఎలిజబెత్తు. ఈ ఎలిజబెత్తు భర్త చంపబడిన పిమ్మట 1909లో మాస్కోలో మార్తా మేరీల పేర ఒక ఆశ్రమమును స్థాపించి బీదరోగులకు సేవ చేసిన పుణ్యురాలు. ఈ పినతల్లి మాట గుర్తుంచుకొనుడు, ముందు పనిపడును. 1921 జూన్ 10వ తేదీన ఆలిసునకు కోర్ఫూ ద్వీపమున అయిదవ సంతానము, ఏకైక పుత్రుడు ఫిలిప్ పుట్టెను. మఱుసటి యేట గ్రీకులు తుర్కుల చేతిలో ఓడిపోగా ఆ నింద సేనానుల మీద పడెను. ఆండ్రూ రాజకుమారుని విచారించి దేశబహిష్కారము విధించిరి. ఇంగ్లండు రాజు పంపిన యుద్ధనౌకలో వారు వెడలిపోయిరి. పసివాడగు ఫిలిప్ నారింజపండ్ల పెట్టెలో పరుండి ప్రయాణము చేసెనని చెప్పుదురు.

పారిసు చెంత బంధువులిచ్చిన యింట తల దాచుకొనిరి. ఆమె గ్రీకు కాందిశీకుల సహాయార్థ మొక అంగడిలో పనిచేసెను. 1928లో గ్రీకు సనాతన క్రైస్తవ మతమున చేరెను. ఆ తఱుణముననే మనస్సు చెదరినది. తనకు దైవసందేశములు వచ్చుచున్నవనియు, రోగులను స్వస్థపఱచు శక్తి కలిగినదనియు చెప్పసాగెను. వైద్యులు ఉన్మాదమని నిర్ణయించిరి. 1930 మే నెలలో, పిల్లలు ఇంట లేని సమయము చూచి, ఆమె ఇష్టమునకు విరుద్ధముగా స్విట్జర్లండులోని క్రాయిట్స్‌లింగెను చికిత్సాలయమునకు తరలించిరి. అంతకు పూర్వమే బెర్లినులో, వియన్నా పండితుడగు ఫ్రాయిడుని సలహాపై ఆమె అండాశయములకు ఎక్సు-రే కిరణములు ప్రసరింపజేసిరి. ఏ స్త్రీకైన దైవభక్తి మితిమీరినచో దానికి మూలము గర్భకోశమున వెదకుట ఆనాటి శాస్త్రపు అహంకారము. ఆమెకు జబ్బు లేదని నేను చెప్పను. కాని జబ్బుపడిన మనిషిని ఎట్లు చూడరాదో తెలిసికొనుటకు ఆ వృత్తాంతము చదివిన చాలును.

రెండేండ్లకు పైగా ఆ నిర్బంధము. ఆ కాలముననే నలుగురు కూతుండ్రకును జర్మను రాజకుటుంబములలో పెండ్లిండ్లు జరిగెను. ఒక్క పెండ్లికిని తల్లి రాలేదు. ఫిలిప్‌ను ఇంగ్లండులోని మేనమామలు పెంచిరి. 1932 మొదలు 1937 వఱకు ఆ బాలుడు తల్లిని చూడనే లేదు. పిల్లవానికి పదునొకండు మొదలు పదునారేండ్ల వయస్సున ఏ ఇల్లును తనది కాకుండుట ఎంత లోటో నేను వర్ణింప నక్కఱలేదు. ఆలిస్ సేవను మెచ్చుకొనువారు ఈ భాగమును తఱచుగా త్వరత్వరగా దాటిపోవుదురు. దాటరాదని నా అభిప్రాయము. ఆమె ఇతరుల బిడ్డలకు చేసిన సేవను తూచునప్పుడు తన బిడ్డకు చేయలేకపోయినదియు ఆమె మనస్సున ఉండెనని తలచుట న్యాయము.

1937 నవంబరు 16వ తేదీన బెల్జియము తీరమున ఒక విమానము కూలెను. అందులో మూడవ కూతురు సెసిలీ, ఆమె భర్త, ఇద్దఱు చిన్న కుమారులు, అత్తగారు, అందఱును మరణించిరి. యుద్ధమునకు వెళ్లుచు తాను విడిచిపోయిన ఆ యేడాది బిడ్డయే ఈ సెసిలీ. విమానమెక్కక ఇంట మిగిలిన పసిపాప ఒక్కతె. ఆ మనుమరాలును 1939లో మెదడువాపు జ్వరముతో పోయెను. కడుపుకోత మనుష్యుని వెఱ్ఱివానిని చేయుట మన మెఱుగుదుము. ఈమె విషయమున విపరీతముగా జరిగెను. దుఃఖము తరువాత ఆమె బుద్ధి నిలకడ చెందినది. 1938లో ఒంటరిగా ఏథెన్సుకు తిరిగివచ్చి రెండు గదుల చిన్న బసలో కాపురముండి బీదలకు సేవ ప్రారంభించెను.

1941లో జర్మనులు గ్రీసు నాక్రమించిరి. రాజకుటుంబమువారు చాలమంది దేశము విడిచి వెళ్లిరి. ఆలిసును, ఆమె తోడికోడలు ఒకరును మాత్రము కదలలేదు. ఆ చలికాలమున ఏథెన్సులో వచ్చిన కఱవు ఘోరమైనది. ధాన్యము విదేశములనుండి రావలసిన నగరమది. సముద్రము మూతపడెను, ఉన్నది ఆక్రమించినవారు కొనిపోయిరి. వేలకొలది జనము వీథులలోనే కూలిరి. మన వంగదేశమున 1943లో జరిగినదానిని స్మరించినచో శ్రోతలకు బోధపడును. ఆలిస్ రెడ్ క్రాసు పక్షమున గంజికేంద్రములు నడపుటలో చేరెను. దిక్కులేని పిల్లలకు రెండు శరణాలయములు పెట్టించెను. బీదల పేటలకు ఉపచారికలు వంతులవారీగా పోయివచ్చు ఏర్పాటు చేసెను. చెల్లెలు స్వీడను యువరాణి. ఆమెను చూచివచ్చెదనను నెపమున విమానమెక్కి పోయి మందులు తెచ్చెను. కోనసీమలో ఆకలిగొని వచ్చిన వారెవరని అడుగక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి కథ వినిన మనకు ఇట్టి స్వభావము క్రొత్తది కాదు. కాని సీతమ్మగారి గడపలో శత్రుసైన్యము లేదు.

ఆలిస్ పరిస్థితి ఎంత చిక్కైనదో చూడుడు. అల్లుండ్రు జర్మనులు, కొడుకు ఇంగ్లండు నౌకాదళమున అధికారి. ఒకే యుద్ధమున ఇరువైపుల తన రక్తమే. ఆమె తమ పక్షమనుకొని జర్మను సేనాని యొకడు దర్శనమునకు వచ్చి తనవలన కావలసిన దేమైన కలదా యని వినయముగా అడిగెనట. మీ సైన్యమును నా దేశమునుండి తీసికొనిపొండని ఆమె బదులు చెప్పెనట.

ఇక యూదుల సంగతి. ఒక్క సలోనికా నుండియే 1943లో నలువది వేలకు మించిన యూదులను రైళ్ల కెక్కించి పోలండులోని మరణశిబిరములకు పంపిరి. ఏథెన్సు అప్పటి కింకను ఇటలీవారి చేతిలో నుండుటచే కొంత రక్షణ. ఆ సెప్టెంబరులో ఇటలీ లొంగిపోగా జర్మనులే వచ్చి కూర్చుండిరి. ట్రికాలా పట్టణపు యూదుడు హైమాకి కొహెన్ అనునతడు పూర్వము శాసనసభ్యుడు. 1913లో జార్జి రాజునకు సహాయము చేసెను. ఎప్పుడైన అవసరము కలిగినచో అడుగుమని రాజు మాట యిచ్చెను. రాజు పోయి ముప్పదేండ్లయినది. కొహెన్ కూడ అప్పటికి మరణించెను. అతని భార్య రాషెల్, కూతురు టిల్డె దిక్కు తోచక యుండిరి. ఈ సంగతి తెలియగా ఆలిస్ వారిని తన ఇంటి పై అంతస్తున దాచెను. తరువాత ఒక కుమారుడును వచ్చి చేరెను. చనిపోయిన మామగారి మాటను కోడలు నిలువబెట్టినది.

దినమో రెండు దినములో కాదు, 1944 అక్టోబరులో జర్మనులు వెడలువఱకు, ఒక సంవత్సరము. సాయంకాలములందు ఆమె పైకి పోయి వారితో మాట్లాడుచు వారి మతమునుగూర్చి అడిగి తెలిసికొనెడిది. అనుమానముతో గెస్టాపో అను రహస్య పోలీసులు వచ్చి ప్రశ్నించిరి. అప్పుడు ఆమె చెవిటితనమును ముందు పెట్టుకొనెను. పెదవులు చదువగలిగియు ఏమియు అర్థము కానట్లు నటించెను. విసిగి వారు వెళ్లిపోయిరి. పట్టుబడినచో రాచపుట్టుక రక్షించియుండునని ఎవరును పూచీపడలేరు.

విముక్తి వచ్చిననాడు చూడబోయినవారిలో హెరాల్డ్ మాక్మిలను ఒకడు; 1957లో ఇంగ్లండు ప్రధానమంత్రి యైనవాడు. ఆమె బస దీనముగా, అపరిశుభ్రముగా నున్నదని వ్రాసెను. నెలల తరబడి మాంసము చూడలేదనియు, కడపటి వారము రొట్టెయు వెన్నయు తప్ప ఇంట ఏమియు లేదనియు ఆమె కొడుకునకు జాబు వ్రాసెను. డిసెంబరులో గ్రీకులలో గ్రీకులకే పోరు పుట్టెను. వీథులలో తుపాకులు మ్రోగుచుండగా, బయటికి రారాదను ఉత్తరువును లెక్కచేయక, ఆమె పిల్లలకును పోలీసులకును ఆహారము పంచుచు తిరిగెను. గుండు తగులునమ్మా యని హెచ్చరించిన వారితో, చంపు గుండు చప్పుడు ఎవరికిని వినబడదట, నాకెట్లును వినబడదు, ఇక భయమేల అని హాస్యమాడెను. ఆ నెలలోనే భర్త మాంటికార్లోలో మరణించిన వార్త వచ్చెను. 1939 తరువాత వారు కలిసికొననే లేదు.

కొడుకు పెండ్లి 1947 నవంబరు 20వ తేదీన, ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తుతో. నిశ్చయపు ఉంగరమునకు కావలసిన వజ్రములు ఈమె తన కిరీటాభరణమునుండి తీసియిచ్చినవే. మిగిలిన నగలలో అధికభాగము తరువాత అమ్ముడుపోయెను. ఎందులకన, 1949లో ఆమె పినతల్లి త్రోవను పట్టి ఏథెన్సు వెలుపల మార్తా మేరీల పేరనే ఉపచారికల సంఘమొకటి పెట్టెను. బూడిదవన్నె సన్న్యాసిని వస్త్రము ధరించెను. ధనము కొఱకు 1950లోను 1952లోను అమెరికాకు పోయెను. సిగరెట్లు కాల్చుచు పేకాట ఆడు సన్న్యాసిని యెక్కడనైన ఉన్నదా యని కన్నతల్లియే పరిహసించెనట. అడ్డచుట్ట కాల్చుచునే ఊరందఱికి పురుళ్లు పోసిన అవ్వలను చూచిన మనకు ఇదియేమంత వింత? ఐతే ఆ సంఘము నిలువలేదు. చేరవచ్చిన యువతులు చాలినంతమంది లేరు. 1953లో కోడలి పట్టాభిషేకమున రత్నహారముల నడుమ ఆ బూడిదవన్నె వస్త్రముతోనే నడచెను.

1960లో ఆమె మన దేశమునకు వచ్చెను. పిలిచినది రాజకుమారి అమృత కౌర్. స్వతంత్ర భారతమున మొదటి ఆరోగ్యమంత్రిణి. 1946లో వెలువడిన భోరు సంఘపు నివేదిక ప్రకారము మన దేశమున 43,000 మంది జనమునకు ఒక్క ఉపచారిక. అట్టి దేశమున ఆ పని గౌరవము హెచ్చించుటకు అమృత కౌర్ పాటుపడెను. ఢిల్లీలోని ఉపచారికల కళాశాలకు ఆమె పేరే పెట్టిరి. మన వేదాంతముపై ఆలిసునకు గల ఆసక్తిని చూచి అమృత కౌర్ సంతోషించెను. దురదృష్టవశమున ఆలిస్ జబ్బుపడి ప్రయాణము మధ్యనే మఱలవలసి వచ్చెను.

1967 ఏప్రిలులో గ్రీసున సేనానులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. అప్పుడు కొడుకును కోడలును ఆమెను బకింగ్‌హాం రాజభవనమునకు పిలిపించిరి. గ్రీకు భాషలో అవ్వను యాయా యందురు. మనుమలు ఆమెను ఆ పేరుననే పిలిచిరి. జర్మనీలోని కూతుండ్ర బిడ్డలకు అమ్మమ్మగా, ఇంగ్లండులోని కొడుకు బిడ్డలకు నాయనమ్మగా ఆమెకు సంతానము విస్తరించినది. ఇంగ్లండు మనుమలలో పెద్దవాడగు చార్లెసునకు అప్పుడు పదునెనిమిదేండ్లు, కడసారి మనుమనికి మూడు. చిన్ననాట తల్లి యొడి కఱవైన ఫిలిప్ ఇంట, అదే తల్లి అవ్వయై రెండేండ్లు కూర్చుండినది. ఆ రెండేండ్లలో ఆ తల్లీకొడుకులు ఏమి మాట్లాడుకొనిరో మనకు పని లేదు. ఒకే కప్పు క్రింద నుండిరి, అంతవఱకు చాలును.

తన్ను పినతల్లి ఎలిజబెత్తు చెంత, యెరూషలేములోని ఒలీవల కొండపై పాతిపెట్టవలెనని ఆమె కోరెను. అంత దూరము వచ్చి సమాధి నెట్లు చూడగలమని కూతురు అడుగగా, అచ్చటికి బస్సులు చక్కగా నడచుచున్నవి గదా యనెనట. 1969 డిసెంబరు 5వ తేదీన కన్నుమూసెను. అంతయు దానమిచ్చివేయుటచే ఆమె వెనుక మిగిలిన సొత్తు మూడు అంగీలు. తాత్కాలికముగా విండ్సరులో ఉంచిన దేహమును 1988 ఆగస్టు 3వ తేదీన ఒలీవల కొండకు చేర్చిరి.

కొహెన్ కుటుంబమును దాచినందులకు యెరూషలేములోని యాద్ వాషెం సంస్థ ఆమెను సత్పురుషుల జాబితాలో చేర్చినది. 1994 అక్టోబరులో ఆ స్మారకవనమున చెట్టు నాటుటకు ఫిలిప్ పోయెను. తాను చేసినదానిలో విశేషమేదో ఉన్నదని మా తల్లికి ఎన్నడును తోచియుండదని ఆనాడు ఆయన పలికెను. ప్రక్కన అక్క సోఫీ నిలిచియుండెను. ఆమె అప్పటికి 80 ఏండ్ల వృద్ధురాలు.